చెత్త ఇక నాలుగు రకాలు: ఇల్లు, దుకాణం, ఫంక్షన్ హాల్‌కు కొత్త నియమాలు ఏం చెబుతున్నాయి?

తడి చెత్త ఒక డబ్బాలో, పొడి చెత్త ఇంకో డబ్బాలో వేయాలన్నది పదేళ్లుగా జనం వింటూ వస్తున్న మాటే. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆ రెండు సరిపోవు. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2026 జనవరిలో నోటిఫై చేసిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం చెత్తను నాలుగు రకాలుగా, అదీ అది పుట్టిన చోటే వేరు చేయాలి. తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చెత్త. పర్యావరణ పరిరక్షణ చట్టం 1986 కింద వచ్చిన ఈ నియమాలు 2016 నాటి వాటి స్థానంలోకి వచ్చాయి. నగరాలతో పాటు గ్రామ పంచాయతీలకూ వర్తిస్తాయి.

ఇందులో అసలు మార్పు డబ్బాల సంఖ్య కాదు, బాధ్యత ఎవరిదన్న లెక్క. 1996లో అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన ప్రజా ప్రయోజన వ్యాజ్యం తర్వాత దేశంలో తొలిసారి 2000లో మున్సిపల్ చెత్త నియమాలు వచ్చాయి. అప్పుడు భారమంతా మున్సిపాలిటీ మీదే. ఊడ్చేది వాళ్లే, ఎత్తేది వాళ్లే, పారబోసేదీ వాళ్లే. 2016 నియమాలు ఇంటి గడప దాకా వచ్చాయి, వేరు చేసి ఇవ్వడం ఇంటివాళ్ల పని అన్నాయి. ఇప్పుడవి ఇంకో అడుగు ముందుకేసి వంటగది, బాత్రూమ్, మందుల అర దాకా వచ్చాయి. పెద్ద మొత్తంలో చెత్త చేసేవాళ్ల విషయంలో అయితే చెత్త ఇచ్చేసి చేతులు దులుపుకోవడం కుదరదని చెప్పేశాయి.

ఏది ఎందులో వేయాలి?

తడి చెత్త గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, మాంసం, ఎముకలు, గుడ్డు పెంకులు, టీ పొడి, పూలు. దర్గాల్లో సమర్పించిన పూలు కూడా తడి చెత్తే, కాకపోతే వాటి దండల్లో ఉండే జరీ దారం, ప్లాస్టిక్ మెరుపు కాగితం తీసేయాలి. బిర్యానీ పార్సిల్‌లో మిగిలిన అన్నాన్ని డబ్బాతో సహా తడి చెత్తలో వేస్తే అది ఎరువుగా మారదు. అన్నం తడి చెత్తలోకి, డబ్బా పొడి చెత్తలోకి. అంతే తేడా.

పొడి చెత్తలోకి కాగితం, అట్టపెట్టెలు, ప్లాస్టిక్, గాజు, ఇనుము, రబ్బరు, చెక్క. పాల ప్యాకెట్‌ను, పార్సిల్ డబ్బాను ఒక్కసారి నీళ్లతో కడిగి వేస్తే చాలు, దానికి కొనేవాడు దొరుకుతాడు. సాలన్ అంటుకున్న డబ్బా పక్కనున్న కాగితాన్నీ పాడు చేస్తుంది. టీ తాగి పారేసే పేపర్ కప్పు చూడ్డానికి కాగితమే, లోపల మాత్రం పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అదీ పొడి చెత్తలోకే వెళ్లాలి, తడి చెత్తలో వేస్తే కుళ్లదు. పగిలిన గాజును మందపాటి కాగితంలో చుట్టి ఇవ్వాలి.

ముస్లిం ఇళ్లలో ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. ఉర్దూ పేపర్లు, బిస్మిల్లా అచ్చేసిన పెళ్లి కార్డులు, ఆయతులున్న క్యాలెండర్లు చెత్తలో వేయడానికి చాలామందికి మనసొప్పదు. అలా అని నెలల తరబడి సంచుల్లో దాచి, చివరికి ఎవరో ఒకరు మొత్తం తీసుకెళ్లి కాలువలో వదిలేస్తారు. నీళ్లలో కలపడం గౌరవమే అనుకున్నా, నాలాలో కలపడం కాదు. పొడి చెత్త నుంచి ఇలాంటి కాగితాలను ముందే వేరు చేసి, దగ్గర్లోని మసీదులో వాటిని తీసుకునే ఏర్పాటు ఉందేమో కనుక్కుని అక్కడ ఇవ్వడం మేలు. నియమాలు దీనికి అడ్డు చెప్పవు.

మూడోది శానిటరీ చెత్త. పిల్లల డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, ఆ కోవలోని మిగతావి. కొత్త నియమాల్లో అన్నిటికంటే అవసరమైన మార్పు ఇదే. 2016 నియమాల్లో వీటిని చుట్టి పొడి చెత్త డబ్బాలోనే వేయమన్నారు. ఆ పొడి చెత్తను ఏరేది చేతులతోనే. అట్ట కోసం, సీసా కోసం సంచి విప్పిన మనిషి చేతికి ముందు తగిలేది నల్ల కవరులో చుట్టిన డైపరే. ఇంట్లో నలుగురి కంట పడకూడదని ఆడవాళ్లు ప్యాడ్‌ను పొడి చెత్తలో అడుగున దాచేయడం మామూలు. దాని వల్ల పని చేసేవాళ్లకు తెలిసే దారి లేకుండా పోయేది. ఇకపై పాత పేపర్లో గట్టిగా చుట్టి, విడిగా ఒక సంచిలో ఇవ్వాలి. ఆ సంచిలో ఇంకేమీ కలపకూడదు. బాత్రూమ్‌లో మూత ఉన్న చిన్న డబ్బా ఒకటి పెట్టుకుంటే సిగ్గుపడాల్సిన అవసరం ఉండదు. ఈ మాట ఇంట్లో మగవాళ్లకూ తెలియాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో చెత్త కిందికి తీసుకెళ్లేది వాళ్లే.

నాలుగోది ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చెత్త. పెయింట్ డబ్బాలు, బల్బులు, పాదరసం థర్మామీటర్లు, గడువు దాటిన మందులు. పాత నియమాల్లో ఇంటి హానికర చెత్త అన్న పేరుతో ఇచ్చిన జాబితాలో వాడిన సూదులు, సిరంజీలు, బ్యాటరీలు, పురుగు మందు డబ్బాలు కూడా ఉన్నాయి. షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఇన్సులిన్ తీసుకునే ఇళ్లు ఇప్పుడు ప్రతి గల్లీలో ఉన్నాయి. ఆ సూదులు విడిగా సంచిలో వేస్తే సఫాయి కార్మికుల చేతుల్లో గుచ్చుకుంటాయి. మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి, మూత బిగించి, నిండిన తర్వాత ఇవ్వడం సురక్షితం. ఈ నాలుగో రకాన్ని రోజూ ఇవ్వక్కర్లేదు. అధీకృత ఏజెన్సీ తీసుకెళ్లాలి, లేదా నిర్ణయించిన సేకరణ కేంద్రంలో అప్పగించాలి. మీ వార్డులో ఆ కేంద్రం ఎక్కడో అడిగి తెలుసుకునే హక్కు మీకుంది. ఇంకా లేదంటే ఆ లోటు స్థానిక సంస్థదే.

పాత ఫోన్లు, చార్జర్లు, కంప్యూటర్ల దారి వేరు. వాటికి 2022లో వచ్చి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నియమాలు వర్తిస్తాయి. ఇన్వర్టర్ బ్యాటరీని కొత్తది కొనే చోటే పాతది ఇచ్చి ధర తగ్గించుకోవడం చాలామందికి అలవాటే. అదే సరైన పద్ధతి కూడా. పెరట్లో పగలగొట్టి సీసం తీసేవాడికి అమ్మితే పది రూపాయలు ఎక్కువ రావచ్చు, ఆ సీసం పొగ మాత్రం ఆ గల్లీ పిల్లల ఒంట్లోకి పోతుంది.

ఫంక్షన్ హాళ్లు, అపార్ట్‌మెంట్లు, హోటళ్లు

బల్క్ వేస్ట్ జనరేటర్ అన్న మాట ఇకపై తరచూ వినిపిస్తుంది. మూడు కొలతల్లో ఏ ఒక్కటి దాటినా ఆ కిందికే వస్తారు: 20,000 చదరపు మీటర్లు లేదా అంతకు మించిన అంతస్తుల విస్తీర్ణం, రోజుకు 40,000 లీటర్లు లేదా అంతకు మించి నీటి వాడకం, రోజుకు 100 కిలోలు లేదా అంతకు మించి చెత్త. మొదటి కొలత పెద్ద మాల్స్‌కు, ఆసుపత్రులకు తగిలేది. రెండోది 5,000 లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. నీళ్లు కొనుక్కునే హాస్టల్, హోటల్ యజమానికి ఈ లెక్క నోటికే వస్తుంది. మూడోది అందరూ తేలిగ్గా తీసుకునేది, తేలిగ్గా దాటేది కూడా. ఇంటికి రోజుకో కిలో అనుకున్నా వంద ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఆ గీత మీదే ఉన్నట్టు. ఎనిమిది వందల మంది వచ్చిన వలీమా దావత్‌లో ఒక్కొక్కరి ప్లేటులో 125 గ్రాముల ఎముకలు, అన్నం మిగిలితే చాలు, ఒక్క రాత్రిలో 100 కిలోలు. వంటశాల చెత్త, ప్లాస్టిక్ నీళ్ల సీసాలు దీనికి అదనం.

దేశంలో పుట్టే మొత్తం ఘన వ్యర్థాల్లో దాదాపు 30 శాతం ఇలాంటి పెద్ద జనరేటర్ల నుంచే వస్తుందని కేంద్రం చెబుతోంది. అందుకే వీళ్ల మీద కొత్త నియమాలు గట్టిగా ఉన్నాయి. కేంద్రీకృత ఆన్‌లైన్ పోర్టల్‌లో నమోదు కావాలి. తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చాలి. చోటు లేక అది కుదరని వాళ్లు తమ బాధ్యత నెరవేర్చినట్టు సర్టిఫికెట్ పొందాలి. నమోదు కాకుండా నడిపినా, తప్పుడు లెక్కలు చూపినా, నకిలీ కాగితాలు పెట్టినా పర్యావరణ పరిహారం కట్టాలి. ఇది స్పాట్ ఫైన్ లాంటిది కాదు, చెడగొట్టినవాడే భరించాలన్న సూత్రం మీద లెక్కగట్టేది.

హాల్ బుక్ చేసుకునే కుటుంబానికి ఇందులో ఏం పని అనిపించవచ్చు. బుకింగ్ కాగితంలో క్లీనింగ్ చార్జీ అని రాసి ఉంటుంది కదా, ఆ డబ్బుతో చెత్త ఎక్కడికి పోతుందో అడగడం వాళ్ల పనే. రాత్రి రెండు గంటలకు ట్రాలీ ఆటోలో ఎక్కించి దగ్గర్లోని నాలాలోనో ఖాళీ ప్లాటులోనో దించేసే కాంట్రాక్టర్ చవగ్గానే వస్తాడు. షామియానా వేసి ఖాళీ స్థలంలో చేసుకునే దావత్‌లకు మరో నియమం 2016 నుంచీ ఉంది. లైసెన్సు లేని చోట 100 మందికి మించి జనాన్ని పిలిస్తే కనీసం మూడు పని దినాల ముందు స్థానిక సంస్థకు తెలపాలి, చెత్త వేరు చేసి అప్పగించాలి. దీన్ని పాటించేవాళ్లు తక్కువే. ఒక ఉత్తరం రాసి ఇస్తే మర్నాడు పొద్దున బండి పంపమని అడిగే వీలైనా దొరుకుతుంది.

మాంసం దుకాణాలు, బక్రీద్

చికెన్, మటన్ దుకాణాల చెత్త మామూలు తడి చెత్త డబ్బాలో పడేసేది కాదు. ఈకలు, పేగులు, రక్తం కలిసినది గంటల్లోనే కుళ్లుతుంది, కుక్కలను పోగేస్తుంది. దీన్ని కొవ్వుగా, ఎముకల పొడిగా మార్చే రెండరింగ్ ప్లాంట్లకు పంపాలి. రెండు రాష్ట్రాల్లోనూ కోడి వ్యర్థాలను దొంగచాటుగా చేపల చెరువులకు, ముఖ్యంగా క్యాట్‌ఫిష్ పెంచేవాళ్లకు అమ్ముతూ పట్టుబడిన కేసులు చాలానే ఉన్నాయి. దుకాణదారుకు డ్రమ్ముకు ఇంత అని చేతికి వస్తుంది, తీసుకెళ్లేవాడు ఎవరో తెలియదు. ఇకపై ఆ డ్రమ్ము ఎక్కడికి పోతుందో చెప్పగలిగే కాగితం దుకాణంలో ఉండటం మంచిది.

బక్రీద్ నాడు ఇదే సమస్య మూడు రోజుల్లో నగరమంతటా వస్తుంది. 2026 బక్రీద్ మే నెలాఖరున, అంటే కొత్త నియమాలు మొదలైన రెండు నెలలకే. హైదరాబాద్‌లో ఖుర్బానీ వ్యర్థాల కోసం ఇంటింటికీ పెద్ద సంచులు పంచడం, అదనపు బండ్లు పెట్టడం ఏళ్లుగా జరుగుతోంది. సంచి సరిగా కడితే సగం సమస్య అక్కడే తీరుతుంది. పొట్టలోని పేడ, గడ్డి ఒక సంచిలో, పేగులు, కొమ్ములు, కాళ్లు ఇంకో సంచిలో వేస్తే బరువుకు చిరగదు. రక్తాన్ని డ్రైనేజీలోకి వదిలితే కొవ్వు గడ్డకట్టి మ్యాన్‌హోల్ పొంగుతుంది, ఆ నీళ్లు మళ్లీ ఆ గల్లీలోకే వస్తాయి. చర్మం చెత్త కానే కాదు. మదర్సాలకు, సేవా సంస్థలకు ఇచ్చే ఆనవాయితీ ఉంది, కానీ అది చెడిపోకుండా ఉండాలంటే కొన్ని గంటల్లోనే ఉప్పు పట్టించి అప్పగించాలి. సాయంత్రం దాకా ఎండలో పడి ఉన్న తోలును ఎవరూ తీసుకోరు, చివరికి అదీ చెత్త కుప్ప మీదికే చేరుతుంది.

ఆటోలో అన్నీ కలిపేస్తున్నారు కదా?

ఈ ప్రశ్న ప్రతి ఇంట్లో వస్తుంది, అందులో న్యాయం ఉంది. 2015లో హైదరాబాద్‌లో స్వచ్ఛ ఆటోలు మొదలైనప్పుడు ఇంటికి రెండు డబ్బాలు, పచ్చది, నీలంది పంచారు. చాలా ఇళ్లలో అవి నీళ్లకో బియ్యానికో వాడకంలోకి వెళ్లిపోయాయి. వేరు చేసి ఇచ్చిన ఇళ్లవాళ్లు ఆటోలో రెండూ ఒకే చోట పడటం చూసి మానేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబర్ 2న మొదలైన క్లాప్ కార్యక్రమంలో పచ్చ, నీలం, ఎరుపు మూడు డబ్బాలు వచ్చాయి. వాటితో పాటే వచ్చిన చెత్త పన్ను మీద జనం మండిపడ్డారు. 2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ పన్ను రద్దు ప్రకటించారు, తర్వాత చట్టాన్నీ సవరించారు. పన్ను పోయింది గానీ వేరు చేయాల్సిన పని పోలేదు. ఈ రెండింటినీ కలిపి చూడటం వల్ల అక్కడ కొంత గందరగోళం మిగిలింది.

కొత్త నియమాల్లో ఈ సమస్యకు ఒక జవాబు ఉంది. వేరు చేయని చెత్తను డంపింగ్ యార్డుకు పంపే స్థానిక సంస్థ ఎక్కువ ఫీజు కట్టాలి. వేరు చేసి, పనికొచ్చేది తీసి, మిగిలింది పంపడం కంటే కలిపి పంపడమే ఖరీదు కావాలన్నది ఉద్దేశం. అంటే ఇన్నాళ్లూ జరిమానా భయం ఇంటివాళ్లకే ఉండేది, ఇప్పుడు మున్సిపాలిటీ జేబుకూ తగులుతుంది. ఎంత ఫీజు, ఎవరు వసూలు చేస్తారు అన్న దాని మీదే ఇది నిలబడుతుంది. ఇంటికి వేసే జరిమానా, యూజర్ చార్జీ ఎంతన్నది కూడా స్థానిక బైలాల్లో ఉండేదే కాబట్టి ఊరికో రకంగా ఉంటుంది. ఎవరైనా చేతికి రసీదు ఇవ్వకుండా జరిమానా అడిగితే కట్టనక్కర్లేదు, రసీదు అడగాలి.

ఇది సాధ్యమేనా అంటే తెలుగు నేలే సాక్ష్యం చెబుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో, 2000ల తొలి ఏళ్లలో సూర్యాపేట మున్సిపల్ కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ ఇంటింటికీ బండ్లు పంపి, తడి, పొడి వేరుగా తీసుకుని, తడితో ఎరువు చేయించి, పొడిని అమ్మించారు. వీధి కుండీలు లేని ఊరిగా సూర్యాపేటకు దేశమంతటా పేరొచ్చింది. అప్పటికి 2016 నియమాలు లేవు, ఈ పోర్టళ్లూ లేవు. బండిలో రెండు అరలు ఉన్నాయి, అడిగే మనిషి ఉన్నాడు.

వేరు చేయకపోతే ఏమవుతుందో చూడాలంటే హైదరాబాద్ పక్కనే జవహర్‌నగర్ ఉంది. ఏళ్ల తరబడి నగరమంతా కలిపి పంపిన చెత్త అక్కడ గుట్టలుగా పేరుకుంది. దాన్ని మట్టితో కప్పి, 2020లో 19.8 మెగావాట్ల విద్యుత్ ప్లాంటు కూడా పెట్టారు. అయినా అడుగున కారే నల్లటి నీరు, వాసన చుట్టుపక్కల కాలనీలను వదల్లేదు. మూసాపేటలో, మలక్‌పేటలో కూరతో కలిపి వేసిన ప్లాస్టిక్ కవరు తీసుకునే చివరి చోటు అదే. తడి చెత్త తడిసిన కాగితం మండదు కాబట్టి, కలిసిన చెత్తతో కరెంటు తీయడం కూడా కష్టమే.

కబాడీ వాళ్ల సంగతి

పాత పేపర్లు, సీసాలు, ఇనుము కొనే కబాడీ వ్యాపారంలో, రోడ్ల మీద ఏరుకునే పనిలో హైదరాబాద్ పాతబస్తీ నుంచి విజయవాడ, గుంటూరు దాకా పేద ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వేరు చేయడం పెరిగితే మంచి సరుకు నేరుగా మున్సిపల్ కేంద్రాలకు వెళ్లిపోయి తమ పొట్ట కొడతారా అన్న భయం వాళ్లకు ఉంది. అది అనవసర భయం కాదు. నియమాలు ఏరుకునేవాళ్లను వ్యవస్థలో కలుపుకోవాలని, పొడి చెత్త ఏరివేత కేంద్రాలకు గుర్తింపు ఇవ్వాలని చెబుతున్నాయి. గుర్తింపు కార్డు ఉంటే కేంద్రంలో పని దొరికే వీలుంటుంది. కార్డు లేనివాడు దొంగగా కనిపిస్తాడు. మొహల్లా సంఘాలు, మసీదు కమిటీలు ఈ నమోదు విషయంలో సాయపడితే నిజమైన మేలు జరుగుతుంది, ఎందుకంటే ఫారం నింపడమే చాలామందికి అడ్డంకి.

కబాడీ కొననిది కూడా ఉంటుంది. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాషేలు, చిరిగిన రెగ్జిన్. వీటిని ఇంధనంగా మార్చి సిమెంటు ఫ్యాక్టరీల్లో మండిస్తారు. ఫ్యాక్టరీలు ఆరేళ్లలో తమ ఘన ఇంధనంలో 5 నుంచి 15 శాతం దాకా ఇలాంటి చెత్త ఇంధనం వాడాలని కొత్త నియమం. తాండూరు, నల్గొండ వైపు, కడప, పల్నాడులో సిమెంటు బట్టీలు ఉన్నాయి కాబట్టి తెలుగు రాష్ట్రాల చెత్త దూరం పోనక్కర్లేదు. కాకపోతే అది పొడిగా ఉంటేనే.

చిన్న వ్యాపారులకు మరో రెండు సంగతులు. 2022 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం కొనసాగుతోంది. ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలతో పాటు మిఠాయి డబ్బాల మీద, పెళ్లి కార్డుల మీద చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొర కూడా ఆ జాబితాలో ఉంది. ప్లాస్టిక్ జెండాలూ ఉన్నాయి, మీలాద్ ఊరేగింపులకు, ఆగస్టు 15కు గుడ్డ జెండాలు, కాగితం జెండాలు వాడాలి. క్యారీ బ్యాగులు 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చగా ఉండకూడదు.

ఇల్లు రిపేరు చేయించేవాళ్లు సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలను మామూలు చెత్తలో కలపకూడదు. నిర్మాణ వ్యర్థాలకు వేరే నియమాలున్నాయి, అవీ 2026 ఏప్రిల్ 1 నుంచే కొత్తవి. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో ఈ శిథిలాలను మళ్లీ ఇసుకగా, కంకరగా మార్చే ప్లాంట్లు ఉన్నాయి. మేస్త్రీతో కూలీ మాట్లాడుకునేటప్పుడే శిథిలాలు ఎత్తించే ఖర్చు ఎవరిదో తేల్చుకుంటే, పని అయ్యాక ఆ కుప్ప గల్లీ మూల మీద మిగలదు.